మహబూబ్‌నగర్ నుంచి నీలగిరి పొగబండి దాకా: ఎక్కడానికి రైలు, దిగడానికి బస్సు చాలు

మా బాపుకు డెబ్బై రెండేళ్లు. మహబూబ్‌నగర్ మీదుగా మీటర్ గేజ్ పట్టాలపై బొగ్గు బండి నడిచిన రోజుల్లో జడ్చర్లలో ఎక్కి కాచిగూడలో దిగి చదువుకున్న మనిషి. 1990లలో ఆ దారి బ్రాడ్ గేజ్‌గా మారాక ఆయన ఏ రైలెక్కినా ఏదో ఒక లోటు చెబుతూనే ఉంటారు. ఆ కొలత పట్టాల మీద, ఆవిరితోనే నడిచే బండి నీలగిరుల్లో ఇంకా ఉందని చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. జనవరి నెలాఖరులో ఇంటిల్లిపాదీ బయలుదేరాం.

దారి సులువేమీ కాదు. రాత్రి మహబూబ్‌నగర్‌లో బెంగళూరు వైపు వెళ్లే రైలెక్కి, అక్కడ మధ్యాహ్నం మరో రైలు మారి, కోయంబత్తూరు చేరేసరికి మరుసటి రాత్రి అయింది. ఊటీకి వెళ్లే కొండ రైలు బయలుదేరేది అక్కడికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని మెట్టుపాళయంలో, అదీ ఉదయం 7.10కి. కాబట్టి ఎంత ఆలస్యమైనా ముందురోజు రాత్రే మెట్టుపాళయం చేరి నిద్రపోవడం మేలు. మేం స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి కానీ, తెల్లవారుజామున వేడినీళ్లు ఇస్తామన్న మాట మాత్రం నిలబడలేదు; నాలుగున్నరకు కిందికి వెళితే కౌంటర్ దగ్గర కుర్రాడు బల్లమీద తల పెట్టి నిద్రపోతున్నాడు. బాపు చన్నీళ్ల స్నానం చేసి, "మనూళ్లో బాయి నీళ్లు ఇంతకన్న నయముంటయి" అని ఊరుకున్నారు. వృద్ధులతో వెళ్లేవారు గది తీసుకునేముందే ఈ సంగతి గట్టిగా అడగాలి.

టికెట్ల విషయంలో బద్ధకం పనికిరాదు. రోజూ పైకి వెళ్లేది ఈ ఒక్క ఆవిరి బండే, బోగీలు కొన్నే. రిజర్వేషన్ తెరిచిన రోజే తీసుకోబట్టి మాకు రెండో తరగతిలో ఐదు సీట్లు దొరికాయి. దొరకనివారు మేం వెళ్లేసరికే చీకట్లో వరుస కట్టి ఉన్నారు.

ప్లాట్‌ఫారం చివర ఇంజిన్ కనిపించగానే బాపు నడక మారిపోయింది. దగ్గరికి వెళ్లి మొదట పట్టాల వంక చూశారు. భుజం మీది తువాలను రెండు చేతులా పట్టుకుని, ప్లాట్‌ఫారం అంచున నిలబడి, రెండు పట్టాల నడుమ దూరాన్ని గాలిలోనే కొలిచి, "గిదే బిడ్డా, మన పాత బండి కొలత" అన్నారు. నిజమే, రెండింటిదీ ఒక మీటరే. ఆయనకు తెలియనిది నడుమ ఉన్న మూడోది. కల్లార్ స్టేషన్ దాటాక రెండు పట్టాల మధ్య రంపపు పళ్లున్న ఇనుప కమ్ములు జంటగా మొదలవుతాయి. ఒక కమ్మి పన్ను ఉన్నచోట పక్క కమ్మికి సందు ఉంటుంది, అందువల్ల ఇంజిన్ కింది పళ్ల చక్రానికి ఏ క్షణంలోనూ పట్టు తప్పదు. ప్రతి పన్నెండు అడుగులకు దాదాపు అడుగు ఎత్తు లేచే ఈ దారిలో మామూలు చక్రాలు ఒక్కటే అయితే జారిపోతాయి. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారైన ఎక్స్ తరగతి ఇంజిన్ల నమూనాలో రెండు సిలిండర్లు మామూలు చక్రాలను తిప్పితే, వాటిలో పని ముగించి వచ్చిన ఆవిరి మరో రెండు సిలిండర్లలోకి వెళ్లి పళ్ల చక్రాలను తిప్పుతుంది.

మాకు ఇవన్నీ చెవులతోనే తెలిశాయి. ఎక్కేటప్పుడు ఇంజిన్ వెనక నుంచి నెడుతుంది, మా బోగీ దానికి ఆనుకునే ఉంది. కల్లార్ దాకా ఒక్క లయలో సాగిన చప్పుడు, పళ్లు పట్టుకోగానే బరువెక్కి జోడు చప్పుడైంది. బాపు మాట మధ్యలో ఆపేసి విన్నారు. కంట్లో పడే బొగ్గు నలుసు మాత్రం లేదు, మా ఇంజిన్ మండేది నూనెతో. ఆ సంగతి తెలిశాక ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. ముందు బోగీల వారికి దృశ్యం ఎక్కువ, వెనక బోగీల వారికి చప్పుడు ఎక్కువ. నన్నడిగితే ఇంతదూరం వచ్చి వెనకే కూర్చోవాలి.

ఇంజిన్ వెనక ఉన్నందున ముందు దారి డ్రైవరుకు కనిపించదు. ప్రతి బోగీకీ ఉన్న బ్రేక్‌మన్ జెండా ఊపుతూ వెనక్కి సంకేతం అందిస్తాడు. వేగం సైకిలుతో సమానం. హిల్‌గ్రోవ్‌లో ఇంజిన్ నీళ్లు తాగుతుండగా మేం టీ తాగాం. మా చిన్నవాడి చేతిలోని వడను కోతి లాక్కుపోయింది. మా బోగీలో మరుగుదొడ్డి లేదు, ఇలా ఆగినప్పుడే స్టేషన్లలో చూసుకోవాలి. సీట్లు ఎదురెదురుగా మోకాళ్లు తగిలేంత ఇరుకు, పెద్ద సామానుకు చోటు లేదు.

1899లో కూనూర్ దాకా, 1908లో ఊటీ దాకా వచ్చిన ఈ 46 కిలోమీటర్ల దారిలో 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు ఉన్నాయి. యునెస్కో 2005లో వారసత్వ సంపదగా గుర్తించింది. కూనూర్‌లో ఆవిరి ఇంజిన్ విడిపోయి డీజిల్ ఇంజిన్ తగులుతుంది. అక్కడి నుంచి కేత్తి లోయ, తేయాకు తోటలు అందంగానే ఉన్నా, బాపు కిటికీకి తల ఆనించి కునుకు తీశారు.

మా పెద్ద పొరపాటు తిరుగు టికెట్లు కూడా అదే రోజుకు తీసుకోవడం. ఊటీ చేరింది మధ్యాహ్నం పన్నెండుకు, కిందికి బండి రెండింటికి. బొటానికల్ గార్డెన్ చూడాలని మా ఆవిడ ఎంత ఆశపడినా, స్టేషన్ దగ్గర భోజనం చేసి, పిల్లలకు రెండు పొట్లాల వర్కీ బిస్కెట్లు కొనేసరికి సమయం అయిపోయింది. దిగేటప్పుడు ఇంజిన్ బండిని లాగనక్కర్లేదు, జారకుండా పట్టుకుంటే చాలు. ఆ జోడు చప్పుడు వినిపించదు. చూసిన లోయలనే మళ్లీ చూస్తూ సాయంత్రం ఐదున్నర దాటాక మెట్టుపాళయంలో దిగాం. ఊటీలో సాయంత్రం దాకా ఉండి బస్సులో దిగితే డబ్బూ కలిసొచ్చేది, మా ఆవిడ కోపమూ తప్పేది.

ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కొండచరియలు విరిగిపడి కూనూర్ కింది భాగం తరచూ మూతపడుతుంది. అప్పుడు వెళ్లకపోవడమే మంచిది. ఇంకో జాగ్రత్త: కూనూర్–ఊటీ మధ్య మాత్రమే టికెట్ తీసుకుని "ఆవిరి బండి ఏదీ?" అని వెతుక్కునేవారు మాకు ఊటీ స్టేషన్‌లోనే ఇద్దరు కనిపించారు. వాళ్లకు తువాల చాచి మరీ సంగతంతా వివరించింది మా బాపే, తెలుగులో.