సొంత ఇల్లా, విశ్రాంతవాసుల సముదాయమా: విశాఖలో మలివయసుకు ఏది మేలు?

ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో స్నానాలగది గడప ఎత్తు రెండంగుళాలు. ఇరవై ఆరేళ్లుగా ఆ గడప దాటుతున్న నా భార్య గడిచిన శ్రావణమాసంలో కాలు తగిలి పడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన ప్రశ్నను ఇక తప్పించుకోలేకపోయాము. పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు. ఈ ఇంట్లోనే ఉండాలా, పెద్దవాళ్ల కోసమే కట్టిన సీనియర్ లివింగ్ సముదాయానికి మారాలా అని ఆలోచించి, భీమిలి దారిలో ఒకటి, ఆనందపురం దాటాక ఒకటి చూసి వచ్చాము.

ఇవి వృద్ధాశ్రమాలు కావు. వృద్ధాశ్రమం దిక్కులేనివారికి నీడనిచ్చే చోటు. ఇక్కడ మన డబ్బుతో మనమే ఇల్లు కొనుక్కుని గాని, అద్దెకు తీసుకుని గాని, వంట, శుభ్రత, కాపలా, నర్సు వంటి సేవలకు నెలనెలా రుసుము చెల్లిస్తాము. "పిల్లలు వదిలేశారా?" అని బంధువులు అడుగుతారన్న బెంగతో నిర్ణయం తీసుకోకూడదు.

గది లోపలి సౌకర్యాలు చూస్తే సముదాయానిదే పైచేయి. గడపలు లేవు, నేల జారదు, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలున్నాయి, మంచం పక్కన పిలుపు గంట ఉంది, లిఫ్టులో స్ట్రెచర్ పడుతుంది. అయితే వీటిలో సగం మన ఇంట్లోనూ చేయించుకోవచ్చు. మేస్త్రిని పిలిస్తే గడప తీయించడం, కడ్డీలు బిగించడం రెండు రోజుల పని. పాత అపార్టుమెంటు లిఫ్టును మాత్రం మార్చలేము.

ఆసుపత్రి విషయంలో నగరానిదే మేలు. పక్షవాతం వచ్చినప్పుడు గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. స్కానింగుకు పట్టే సమయం కూడా అందులోనే పోతుంది. మా ఇంటి నుంచి ఆరిలోవ హెల్త్ సిటీ గాని, హనుమంతవాక దగ్గరి విమ్స్ ఆసుపత్రి గాని కొద్ది నిమిషాల దూరం. ఆనందపురం అవతలి నుంచి అయితే జాతీయ రహదారి మీద లారీల రద్దీని దాటి రావాలి. సముదాయంలో అంబులెన్సు ఉందని చెప్పారు, కాని రాత్రి పూట డ్రైవరు అక్కడే పడుకుంటాడా అని అడిగితే ఒక చోట ఔనన్నారు, మరొక చోట మాట దాటేశారు. పగలు వచ్చి వెళ్లే డాక్టరు పేరు కన్నా ఈ జవాబే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇరుగుపొరుగు సంగతి తేల్చడం ఇంత సులభం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, కరెంటు పోయి మోటారు ఆగి, మూడో అంతస్తుకు నీళ్లెక్కని ఆ రోజుల్లో, కింది వాటాలోని కుర్రవాళ్లు బిందెలతో మోసుకొచ్చి మా తొట్టి నింపారు. ఆ కుర్రవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో లేరు. సగం ఫ్లాట్లలో అద్దెవాళ్లు మారుతూ ఉంటారు, మిగిలిన సగంలో మావంటి పెద్దవాళ్లే తలుపులు వేసుకుని ఉంటారు. అంటే, సొంత ఇంటి వల్ల కలుగుతుందని మేము నమ్మిన అండ చాలావరకు కరిగిపోయింది. అయినా ఉదయం బీచ్ రోడ్డు మీద నడకలో కలిసే నలుగురు, రైతుబజారులో నన్ను చూడగానే ఆనపకాయ పక్కకు తీసిపెట్టే ఆమె, చందనోత్సవం నాడు సింహాచలం వెళ్లివచ్చి ప్రసాదం పంపే పక్కింటివారు, ఇదంతా ఒక్కరోజులో మరో చోట దొరకదు.

ఇంతవరకు లెక్క నా వైపు నుంచే సాగింది. నా భార్య లెక్క వేరు. నేను నడక స్నేహాలు కోల్పోతానని బాధపడుతుంటే, ఆమె ఒక్క మాట అన్నది: "నలభై రెండేళ్లుగా పొయ్యి దగ్గర నిలబడ్డాను. వేళకు ఎవరైనా వండి పెడితే తింటానండీ." ఇల్లు వదలలేమని గట్టిగా చెప్పే మగవాళ్లలో ఎంతమందిమి ఆ ఇంటిని నడిపే చాకిరీ చేస్తున్నాము? కట్టుతో ఉన్న చేత్తోనే ఆమె కుక్కరు మూత తీయబోవడం చూశాక ఈ ప్రశ్నను పక్కన పెట్టలేకపోయాను. అదే సమయంలో ఆమెకు కొన్ని పట్టింపులున్నాయి. మే నెలలో ఆవకాయ కలుపుకోవడానికి చోటుండాలి. నా తల్లి తద్దినం మా గదిలోనే పెట్టుకోనివ్వాలి. ఒక సముదాయంలో చిన్న వంటగట్టు ఉంది, తద్దినానికి విడిగా హాలు ఇస్తారు. మరొక చోట గదిలో పొయ్యి వెలిగించరాదు.

డబ్బు దగ్గర జాగ్రత్త చాలా అవసరం. రైల్వే, పోర్టు, నేవీ పింఛనుదారులకు కరువుభత్యం పెరుగుతుంది కనుక, నెలవారీ రుసుము పెరిగినా కొంత తట్టుకోగలరు. ప్రైవేటు ఉద్యోగులకు పి.ఎఫ్. ద్వారా వచ్చే ఇ.పి.ఎస్. పింఛను మీద ఆధారపడినవారికి ఆ భత్యం లేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు గరిష్ఠంగా 30 లక్షలు దాచుకోవచ్చు, 8.2 శాతం వడ్డీ చొప్పున అది నెలకు 20,500 రూపాయల లెక్క, పైగా ఆ వడ్డీ అయిదేళ్లపాటు మారదు. ఏటా 8 శాతం పెరిగే రుసుము మాత్రం తొమ్మిదేళ్లలో రెట్టింపవుతుంది. ఈ రోజు 25,000 సులువుగా కట్టగలమనుకునేవారు, తొమ్మిదేళ్ల తరువాత 50,000 కట్టగలరా అని చూసుకోవాలి.

కాగితాల సంగతీ అంతే. కొత్త ప్రాజెక్టు అయితే 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కింద నమోదు సంఖ్య ఉండాలి. విశ్రాంత గృహాల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది; కట్టినవారు, సేవలందించేవారు, కొన్నవారు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలన్నది వాటిలో మంచి సూచన. బిల్డరు ఇళ్లు అమ్ముకుని వెళ్లిపోయాక వంటా నర్సూ ఎవరి పూచీ అన్నది అక్కడే తేలుతుంది. వెళ్లే ముందు సొంత ఇల్లు పిల్లల పేర రాసే ఉద్దేశం ఉంటే, తమ పోషణ చూడాలన్న షరతును దస్తావేజులో తప్పక రాయించాలి. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షను రక్షణ, అంటే పోషించకపోతే ఆ రాతను రద్దు చేయించుకునే వీలు, ఆ షరతు మీదే నిలుస్తుంది.

పిల్లల దగ్గరకు వెళ్లిపోవడం మూడో దారి. ఆరు నెలల వీసాతో వెళ్లివచ్చేది కాపురం కాదు గనుక దాన్ని ఇక్కడ తూచలేదు.

నా నిర్ణయం చెబుతాను. ఇద్దరూ లేచి తిరుగుతున్నంతకాలం, సరిదిద్దుకున్న సొంత ఇల్లే మేలు. ఒకరే మిగిలినప్పుడు సముదాయం మేలు. చిక్కేమిటంటే, ఇలాంటి సముదాయాలు చాలావరకు తమ పని తాము చేసుకోగలిగేవారి కోసమే ఉన్నాయి. మంచాన పడ్డాక, లేక మతిమరుపు ముదిరాక, కొత్తగా చేర్చుకోవడం కష్టం. లోపల ఉన్నవారు కూడా ఆయాను విడిగా పెట్టుకోవలసి వస్తుంది. కాబట్టి అవసరం పూర్తిగా మీదపడక ముందే, ఇల్లు అమ్మకుండా, అద్దె పద్ధతిలో కొన్నాళ్లు ఉండి చూడడం సరైన దారి. రెండు ఖర్చులు ఒకేసారి పడతాయి, నిజమే. ఆ భారం మూడు నెలలు మోస్తే తెలిసేది, లక్షలు పోసి కొన్నాక తెలుసుకోవడం కన్నా చవక.

గడప తీయించాము. కార్తీకం నుంచి మూడు నెలలకు భీమిలి దారిలోని సముదాయంలో ఒక గది అడిగాము. ఇద్దరి కోసం తీసుకున్న గదిలో ఒకరే మిగిలితే రుసుము సగమవుతుందా, అదే గదిలో ఉండనిస్తారా అన్న ప్రశ్నకు ఇంకా కాగితం మీద జవాబు రాలేదు. అది వచ్చాకే సంతకం పెడతాము.