గుర్రపు డెక్క ఎరువు: పూల మొక్కలకు బ్రహ్మాండం, ఆకుకూరలకు మాత్రం ఆగండి

విజయవాడ పక్కన కానూరు వైపు ఒక చిన్న నర్సరీలో గుర్రపు డెక్క (కాలువల నీటి మీద తేలుతూ పెరిగే కలుపు మొక్క), పేడ కలిపి వానపాములతో చేయించిన ఎరువు సంచుల్లో అమ్ముతున్నారు. మా మిద్దె తోటలో వాడి చూశాను, బాగుంది. మామూలు వర్మీకంపోస్టు కంటే రేటు కాస్త ఎక్కువే, అయినా అన్యాయం అనలేను. పచ్చి డెక్కలో నూటికి 90 పాళ్ల పైనే నీళ్లు, లారీడు తెచ్చి పోసినా చివరికి మిగిలే ఎరువు కొంచెమే.

సంచి విప్పగానే కుళ్లు వాసన వస్తుందేమో అనుకున్నా, తడి మట్టి వాసన తప్ప ఏమీ లేదు. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టింది, నీరు కారలేదు, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయింది. అక్కడక్కడా నల్లటి వేర్ల పీచు ఉంది, ఇంకొంచెం జల్లెడ పట్టాల్సింది. డెక్కలో పొటాష్ ఎక్కువ కాబట్టి పూలకు మంచిది. మా బంతి, మందారం నిండా మొగ్గలే. విజయవాడ ఎండలకు రెండు పూటలా నీళ్లు పోయాల్సిన కుండీలు ఇప్పుడు ఒక పూటతో సరిపెట్టుకుంటున్నాయి.

ఇలాంటి సరుకు బతకాలని నాకు గట్టిగా ఉంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో తూడు, డెక్క ప్రొక్లెయినర్‌తో తీసి గట్టు మీద పోస్తారు, వానొస్తే సగం మళ్లీ కాలువలోకే జారుతుంది. వాతావరణం కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క, పైగా దాని విత్తనాలు బురదలో 15 ఏళ్లకు పైగా బతికే ఉంటాయి. గట్టు మీద నుంచి ఎవరైనా పట్టుకుపోతేనే తీసిన కష్టానికి ఫలితం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత, నీళ్లు పారే దారి ఖాళీగా ఉండాలని ఈ ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. డెక్క నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటివి పీల్చుకుంటుంది, ముఖ్యంగా వేర్లలో దాచుకుంటుంది. ఎరువుగా మారినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. ఊరి మురుగు కలిసే చోట తీసిన డెక్కా, పల్లెలో చెరువు నుంచి తీసిన డెక్కా ఒకటి కాదు. ఇది ఎక్కడిదండీ అని అడిగితే నర్సరీ ఆయనకు తెలియదు, సంచి మీద టెస్ట్ రిపోర్టు లేదు. అందుకే గోంగూర, పాలకూర మడుల్లో వేయలేదు. తామర తొట్టెల్లో కూడా వేయకండి, ఎరువు సరిగా వేడెక్కకపోతే మిగిలిన విత్తనం అక్కడే మొలుస్తుంది.

పూల కుండీలకైతే నిశ్చింతగా కొనుక్కోండి. తయారుచేసేవాళ్లు వేర్లు కోసి పక్కన పెట్టి, కాడలు, ఆకులతోనే చేయించి, ఏ కాలువదో సంచి మీద రాసి, ల్యాబ్ రిపోర్టు చూపిస్తే కూరగాయలకు కూడా నేను ఇదే తీసుకుంటాను, ఇంకో పది రూపాయలు ఎక్కువైనా సరే.