క్లార్క్ వెళితే దయ్యాల ఆసుపత్రికి కాదు, శ్మశానానికి వెళ్లండి

మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని ఏంజెలెస్‌లో మెడిసిన్ చదువుతోంది. తనను చూడటానికి నేను, మా ఆవిడ వెళ్లొచ్చాం. మనీలాలో రెండు రోజులు హాయిగా గడిచాయి. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది మాత్రం ఏంజెలెస్ పక్కనే ఉన్న క్లార్క్ గురించే.

నేను మన ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్లు గ్రౌండ్ స్టాఫ్‌గా చేశాను. 1991 దాకా అమెరికా చేతిలో ఉన్న క్లార్క్ ఎయిర్ బేస్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. మేం దిగిన లాడ్జిలో 'హిస్టరీ టూర్' అంటూ వ్యాన్ మాట్లాడిపెట్టారు. 3,500 పెసోలు, అంటే మన డబ్బుల్లో ఐదు వేల పైనే, ముందే కట్టించుకున్నారు.

డ్రైవర్ మొదట ఒక షాపు దగ్గర దింపాడు. అక్కడ గంట. తర్వాత ఇంకో షాపు, అక్కడ ముప్పావు గంట. చివరికి పాడుబడ్డ బేస్ ఆసుపత్రి ముందు ఆపి దయ్యాల కథలు మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వియత్నాం యుద్ధంలో గాయపడ్డవాళ్లకు వైద్యం జరిగిన చోటు అది. 1973లో హనోయ్ చెర నుంచి విడుదలైన అమెరికా ఖైదీలు మొదట దిగింది ఈ బేస్‌లోనే. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. సైనికుల శ్మశానానికి తీసుకెళ్లమంటే "ప్యాకేజీలో లేదు, ఇంకో 800 ఇవ్వండి" అన్నాడు. మా ఆవిడ కాళ్లు లాగుతున్నాయని గదికి పోదామంది. మా అమ్మాయి లాడ్జివాళ్లతో ఎంత గొడవపడినా పైసా తిరిగి రాలేదు.

మర్నాడు అమ్మాయే జీప్నీలో, అంటే అక్కడి షేర్ జీపులో తీసుకెళ్లింది. ముగ్గురికీ 45 పెసోలు. తీరా చూస్తే ఆ శ్మశానం మెయిన్ గేటు దగ్గరే ఉంది! ముందు రోజు మా వ్యాన్ దాని పక్కనుంచే వెళ్లింది. లోపలికి టికెట్ కూడా లేదు.

ఎనిమిది వేలకు పైగా సమాధులు. అమెరికన్ల పక్కనే వాళ్లతో కలిసి పోరాడిన ఫిలిప్పీన్ స్కౌట్లు. 1991 జూన్ 15న పినటుబో అగ్నిపర్వతం బద్దలై బూడిద కురిస్తే సమాధి రాళ్లు సగం దాకా పూడిపోయాయి. అయిదు రోజుల ముందే బేస్ ఖాళీ అయింది. సెప్టెంబర్‌లో ఫిలిప్పీన్స్ సెనేట్ అమెరికా బేస్‌ల ఒప్పందం పొడిగించడానికి ఒప్పుకోలేదు. నవంబర్‌లో అమెరికా బేస్ అప్పగించి వెళ్లిపోయింది. శ్మశానం మాత్రం ఎవరికీ పట్టని చోటైపోయి, మనిషెత్తు గడ్డి మొలిచింది. 1994 నుంచి ఏంజెలెస్‌లో స్థిరపడ్డ అమెరికా మాజీ సైనికులే చందాలు పోగేసి దాన్ని శుభ్రం చేయించి కాపాడుకొచ్చారు. 2013లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాకే, విదేశాల్లోని సైనిక సమాధులు చూసుకునే అమెరికా ప్రభుత్వ కమిషన్ బాధ్యత తీసుకుంది. దాదాపు ఇరవై ఏళ్లు! సమాధుల్లో ఉన్నది తమ తోటి సైనికులన్నది తప్ప ఆ మాజీ సైనికులకు వేరే చుట్టరికం లేదు.

పాత పరేడ్ గ్రౌండ్ చుట్టూ ఉన్న పెద్ద చెట్ల నీడ, క్లార్క్ మ్యూజియం కూడా బాగున్నాయి. కానీ ఒక్క పూటే టైం ఉంటే శ్మశానానికే ఇవ్వండి, పొద్దున్నే వెళ్లండి. వ్యాన్ అసలు మాట్లాడుకోవద్దు. శ్మశానంలో నీడ తక్కువ, గొడుగు తప్పనిసరి. మేం మర్చిపోయాం.

చాలా రాళ్ల మీద పేరు లేదు, 'అన్‌నోన్', అంటే ఎవరో తెలియదు అని మాత్రమే ఉంది. అమ్మాయి దాని అర్థం చెప్పాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఎండకి చెమటలు పడుతుంటే ఇక వెళదామా అన్నాను. కొంగు తల మీదికి లాక్కుని, "ఆ చివరి వరస కూడా చూసొద్దాం" అంది.