మెరిదాలో పిబ్ కోసం వెతుకులాట

ఆదివారం పొద్దున ఏడున్నరకే మెక్సికోలోని యుకతాన్ రాష్ట్రంలో ఉన్న మెరిదా నగరంలోని సాంతియాగో మార్కెట్‌లో ఉన్నాం. ఆలస్యం చేస్తే గిన్నె ఖాళీ అని మా బస యజమానురాలు ముందు రాత్రే చెప్పింది. యుకతాన్ వాళ్లకి ఆదివారం కొచినీతా పిబిల్ (అరటాకుల్లో చుట్టి వండే పందిమాంసం) అంటే మనకి వేడివేడి పూరీ లాంటిది. పొద్దున్నే పందిమాంసం ఏంటని మొహం చిట్లించిన మా ఆవిడే రెండో టాకో (ఆ మాంసం పెట్టి మడిచిన చిన్న మొక్కజొన్న రొట్టె) అడిగింది.

కొచినీతా స్పానిష్ మాట, పందిపిల్ల అని. పిబ్ అంటే అక్కడి మూలవాసుల మాయా భాషలో నేలలో తవ్విన పొయ్యి. పిబిల్ అంటే అందులో వండినది. పందిని తెచ్చింది స్పెయిన్ వాళ్లు. గుంతలో కాల్చే పద్ధతి మాత్రం వాళ్లకంటే ముందుదే, అప్పట్లో జింక, టర్కీ కోడి వండేవారు. ఎర్రరంగు మనకి తెలిసిన జాఫ్రా గింజలది. పులుపు నరాంఖా ఆగ్రియాది, అంటే పుల్ల నారింజ. సంస్కృతంలోని ‘నారంగ’ పారసీకం, అరబ్బీల మీదుగా స్పానిష్‌లోకి వెళ్లి నరాంఖా అయిందట! మన పులిహోర నారింజకి చుట్టమేనన్నమాట.

"పిబ్‌లోనే వండారా?" అని అడిగితే కొట్టామె నవ్వేసింది. "ఓవెన్లో సెన్యోర్, ఇక్కడ గుంత ఎక్కడ తవ్వను?"

దాంతో పట్టుదల వచ్చి, మర్నాడు కారు మాట్లాడుకుని గంట దూరంలోని ఓ పల్లెకి వెళ్లాం. గైడు అడిగింది ఎక్కువే, పైగా గడియారం చూసుకుంటూ తొందరపెట్టాడు. అయినా ఆ పొయ్యి తెరిచే పది నిమిషాలకి డబ్బు దండగ అనిపించలేదు. పెద్దాయన పారతో మట్టి తీశాడు, రేకు ఎత్తాడు. ఆవిరి మొహానికి కొట్టింది. అంచులు నల్లగా మాడిన అరటాకులు విప్పితే మాంసం వేలితో తాకగానే విడిపోయింది. మార్కెట్‌దానికి రుచి ఉంది గానీ ఈ పొగవాసన లేదు.

బస సంగతికొస్తే, నడిబొడ్డున ఉన్న మొదటి హోటల్ చూడ్డానికి పాత బంగళా, పడుకుంటే రైసుమిల్లు. ఏసీ అంత మోత. గది మార్చమంటే "రేపు" అన్నారు, రెండ్రోజులూ అదే మాట. మూడోరోజు మారిన ఇంట్లో ఫ్యాను, గోడకి ఊయల కొక్కేలు, అంతే. హాయిగా నిద్రపట్టింది.

ఒక్క జాగ్రత్త. పక్కన పెట్టే హబనేరో మిర్చి పచ్చడి పేరు ష్నిపెక్, మాయాలో కుక్క ముక్కు అని. మాది గుంటూరు, ఇదెంతలే అనుకుని చెంచాడు వేసుకున్నా. ముక్కు ధారగా కారుతుంటే మా ఆవిడ ఫోటో తీసి ఇంటికి పంపేసింది.