అపాచీ క్యామెల్ సమీక్ష: ఇంటిగ్రేషన్ ఆర్కిటెక్ట్ కావాలనుకునేవారు దేన్ని చూసి నేర్చుకోవాలి

ఒక సాఫ్ట్‌వేర్‌లోని డేటాను మరోదానికి చేరవేసే కోడ్ రాయడం ఇంటిగ్రేషన్ డెవలపర్ పని. మధ్యలో నెట్‌వర్క్ తెగినా, అదే ఆర్డరు రెండుసార్లు వచ్చినా, అవతలి సర్వర్ జవాబివ్వకుండా వేలాడినా ఏం జరగాలో ముందే తేల్చిపెట్టడం ఆర్కిటెక్ట్ పని. ఈ రెండో పని చేతులారా నేర్చుకోవడానికి ఉచితంగా దొరికే వాటిలో, సాఫ్ట్‌వేర్‌లను కలపడానికి వాడే జావా ఫ్రేమ్‌వర్క్ అపాచీ క్యామెల్‌ను మించింది లేదని నా అభిప్రాయం. ఒక షరతు ఉంది. దాని డిఫాల్ట్ విలువలను (మనం ఏమీ మార్చకపోతే ఉండే సెట్టింగులను) తాకకుండా వదిలేస్తే డేటా పోతుంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ డిఫాల్టుల గురించే.

క్యామెల్ 2007లో మొదలైంది. గ్రెగర్ హోప్, బాబీ ఊల్ఫ్ 2003లో పేర్లు పెట్టి వర్గీకరించిన 65 ఇంటిగ్రేషన్ ప్యాటర్న్‌లే (తరచూ ఎదురయ్యే సమస్యలకు పరిష్కార నమూనాలే) దీనికి పునాది. స్ప్లిటర్ (మెసేజ్‌ను ముక్కలు చేసేది), అగ్రిగేటర్ (ముక్కలను పోగుచేసేది), డెడ్ లెటర్ చానెల్ (విఫలమైన మెసేజ్‌లను పక్కన ఉంచేది) వంటి పేర్లు కోడ్‌లో అలాగే కనిపిస్తాయి. 2023లో వచ్చిన క్యామెల్ 4కు జావా 17 కావాలి. ఫైలు, హెచ్‌టీటీపీ, మెసేజ్‌లు చేరవేసే కాఫ్కా, జేఎంఎస్, ఇంకా డేటాబేస్‌లతో కలిపి 300కు పైగా కాంపొనెంట్లు (బయటి సిస్టమ్‌తో కలిపే భాగాలు) ఉన్నాయి. ఎస్ఏపీ వారి క్లౌడ్ ఇంటిగ్రేషన్ లోపల నడిచేదీ క్యామెలే; రెడ్‌హ్యాట్ ఇంటిగ్రేషన్ ఉత్పత్తి కూడా దీనిమీదే కట్టింది. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది ఉద్యోగంలో వేరే ఉత్పత్తి చేతికొచ్చినా వృథా కాదు.

మొదలుపెట్టడం తేలిక. జావా ఫైలును నేరుగా నడిపే జేబ్యాంగ్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ప్రాజెక్టు గొడవ లేకుండా ఒక్క ఫైలుతో రూట్ (డేటా ఎక్కడినుంచి ఎక్కడికి ఎలా వెళ్లాలో చెప్పే కోడ్) నడుస్తుంది. బొమ్మ గీసి రూట్ కట్టాలనుకుంటే కావోటో ఉంది. కానీ ఆర్కిటెక్ట్ దారిలో ఉన్నవారు కనీసం కొన్ని నెలలు రూట్‌ను చేత్తో రాయడమే మంచిది. బొమ్మలో బాణం కనిపిస్తుంది గానీ, ఆ బాణం మధ్యలో తెగితే ఏమవుతుందో కనిపించదు.

అసలు పాఠాలు ఫైల్ కాంపొనెంట్ దగ్గరే మొదలవుతాయి. ఫైలు రాయడం పూర్తయ్యేదాకా ఆగేలా చేసే రీడ్‌లాక్ ఆప్షన్ డిఫాల్టుగా అమల్లో ఉండదు. అవతలివారు పెద్ద ఫైలును ఇంకా రాస్తుండగానే క్యామెల్ దాన్ని ఎత్తుకుని సగమే చదివేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. రీడ్‌లాక్‌ను 'చేంజ్‌డ్' అని పెడితే సైజు మారడం ఆగేదాకా చూస్తుంది. అయితే పంపేవారి నెట్‌వర్క్ కాసేపు నిలిచిపోతే అదీ మోసపోతుంది. అన్నిటికన్నా గట్టి పద్ధతి, పంపేవారు అసలు ఫైలు పూర్తయ్యాక చిన్న గుర్తు ఫైలు పెట్టడం, మనం డన్ ఫైల్ ఆప్షన్‌తో దానికోసం వేచి ఉండడం. ఇందుకు అవతలి జట్టును ఒప్పించాలి. ఆ ఒప్పందం కుదర్చడం కూడా ఆర్కిటెక్ట్ పనే. ఇక నోఆప్ పెట్టి ఫైళ్లను కదపకుండా చదివితే, చదివినవాటి పేర్లను క్యామెల్ 1000 వరకే మెమరీలో గుర్తుంచుకుంటుంది. ఫోల్డర్‌లో అంతకు మించి ఫైళ్లుంటే పాతవి మళ్లీ చదవడం మొదలవుతుంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ కొత్తవే.

ఒకే మెసేజ్ రెండోసారి వస్తే వదిలేసే ఐడెంపొటెంట్ కన్స్యూమర్ చాలామంది అనుకున్నంత సాదా విషయం కాదు. మొదటి తప్పు కీ (మెసేజ్‌ను గుర్తుపట్టే విలువ) ఎంపికలో జరుగుతుంది. ఫైలు పేరో, మెసేజ్ ఐడీయో కాకుండా ఆర్డర్ నంబరు, దాని సవరణ సంఖ్య కలిపి కీగా వాడాలి. అవతలివారు అదే ఆర్డరును కొత్త మెసేజ్‌లో మళ్లీ పంపితే మెసేజ్ ఐడీ మారిపోతుంది కదా. రెండో చిక్కు ఇంకా లోతైనది. డిఫాల్టుగా కీని పని మొదలవకముందే నమోదు చేస్తుంది, పని విఫలమైతే తీసేస్తుంది. కీలను డేటాబేస్‌లో ఉంచుతూ, సరిగ్గా పని మధ్యలో ప్రాసెస్ చచ్చిపోయిందనుకోండి. కీ తీసేసే అవకాశమే రాదు. మెసేజ్ మళ్లీ వచ్చినప్పుడు 'ఇది చూసేశాం' అని పక్కన పడేస్తుంది. ఆ ఆర్డరు ఇక ఎక్కడా కనిపించదు. కీ నమోదు, అసలు రాత రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (జరిగితే రెండూ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు) ఉంటే ఈ బెడద పోతుంది. అలా కుదరకపోతే డూప్లికేట్లను అందుకునేవైపే తట్టుకునేలా కట్టాలి.

రీట్రై లెక్క తప్పడం కూడా మామూలే. క్యామెల్ ఎర్రర్ హ్యాండ్లర్ డిఫాల్టుగా ఒక్కసారి కూడా మళ్లీ ప్రయత్నించదు. 3 రీడెలివరీలు (మళ్లీ చేసే ప్రయత్నాలు) పెట్టామంటే మొత్తం 4 ప్రయత్నాలు, అదీ విఫలమైన అడుగు నుంచి మాత్రమే. మెసేజ్‌లను దాచి పంపే సర్వర్, అంటే బ్రోకర్, చేసే రీడెలివరీ అయితే రూట్‌ను మొదటినుంచి నడిపిస్తుంది. యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్ అనే బ్రోకర్ డిఫాల్టుగా మరో 6 సార్లు పంపుతుంది, అంటే మొత్తం 7. ట్రాన్సాక్షన్‌తో రెండూ కలిస్తే ఒక్క మెసేజ్‌కు 28 కాల్స్. అప్పటికే కుంటుతున్న సర్వర్‌ను పూర్తిగా పడగొట్టడానికి అది చాలు. రీట్రై ఏదో ఒక్క చోటే ఉంచండి. సమాధానం 400 (పంపినదే తప్పు అనే హెచ్‌టీటీపీ కోడ్) వస్తే మళ్లీ పంపడం దండగ, నేరుగా డెడ్ లెటర్‌కు పోవాలి. 503కో (సర్వర్ ప్రస్తుతానికి అందుబాటులో లేదనే కోడ్), కనెక్షన్ తెగినప్పుడో మాత్రమే విరామం పెంచుకుంటూ ప్రయత్నించాలి. డెడ్ లెటర్‌కు మారిన బాడీ కాకుండా మొదట వచ్చిన మెసేజ్ చేరేలా ఆప్షన్ పెట్టాలి, లేకపోతే తర్వాత దాన్ని తిరిగి నడపడం కుదరదు.

అగ్రిగేటర్ డిఫాల్టుగా మెమరీలోనే పోగుచేస్తుంది; పైనుంచి వచ్చిన మెసేజ్‌కు మాత్రం పని అయిపోయినట్టే లెక్క. ఆ సమయంలో ప్రాసెస్ ఆగిపోతే పోగు మొత్తం పోతుంది. 100 చేరితేనే పంపమని చెప్పి టైమవుట్ పెట్టకపోతే, చివర మిగిలిన 37 రికార్డులు అలాగే కూర్చుంటాయి. రూట్ల మధ్య మెసేజ్‌లు దాటించే సెడా క్యూదీ ఇదే తీరు: మెమరీలో 1000 దాకా, అంతే.

కెపాసిటీ లెక్క విషయంలో క్యామెల్ నిజంగా మంచి గురువు. గంటలో 6,00,000 రికార్డులు పంపాలి, ఒక్కో హెచ్‌టీటీపీ కాల్‌కు 300 మిల్లీసెకన్లు పడుతుంది అనుకుందాం. సెకనుకు 167 రికార్డులు, అంటే ఒకేసారి 50 కాల్స్ నడుస్తుండాలి. స్ప్లిటర్‌కు ప్యారలల్ ప్రాసెసింగ్ పెట్టి ఊరుకుంటే 10 థ్రెడ్లతో (సమాంతరంగా నడిచే పనివరసలతో) మొదలవుతుంది; వెయ్యి పట్టే క్యూ నిండాకే 20కి పెరుగుతుంది. హెచ్‌టీటీపీ కాంపొనెంట్ కూడా ఒక గమ్యానికి 20 కనెక్షన్లే ఇస్తుంది. సెకనుకు 67 మించదు, గంట పని రెండున్నర గంటలవుతుంది. రెండు పరిమితుల్లో ఒక్కదాన్నే పెంచి 'వేగం పెరగలేదే' అని తల పట్టుకోవడం తరచూ జరుగుతుంది. రెండూ పెంచాలి. అంతకుముందు అవతలి సర్వర్ 50 మోయగలదో లేదో ఆ జట్టును అడగాలి. హెచ్‌టీటీపీ టైమవుట్లను కూడా డిఫాల్టులకు వదలకుండా మీరే పెట్టండి.

సాధన చేయాలంటే ఒక్క రూట్ చాలు: ఆర్డర్ల సీఎస్‌వీ ఫైలు, స్ప్లిటర్, డూప్లికేట్ తనిఖీ, క్యూ, హెచ్‌టీటీపీ కాల్, డేటాబేస్. 10,000 వరుసలతో నడపండి. తర్వాత దాన్ని కావాలని చెడగొట్టండి. 4,000 దాటాక ప్రాసెస్‌ను బలవంతంగా చంపండి. అదే ఫైలును వేరే పేరుతో మళ్లీ వేయండి. అవతలి సర్వర్ 30 సెకన్లు ఆలస్యం చేసేలా పెట్టండి. 2 జీబీ ఫైలు ఇవ్వండి. స్ప్లిటర్‌కు స్ట్రీమింగ్ (ఫైలును కొంచెం కొంచెంగా చదవడం) పెట్టకపోతే మెమరీ ఎలా నిండుతుందో కళ్లారా కనిపిస్తుంది. ప్రతిసారీ లోపలికొచ్చినవి ఎన్ని, డేటాబేస్‌కు చేరినవి ఎన్ని, డెడ్ లెటర్‌లో ఎన్ని అని లెక్క సరిచూడండి. తేడా సున్నా అయ్యేదాకా వదలొద్దు. ఇంటర్వ్యూలో ప్యాటర్న్ నిర్వచనం చెప్పేవారికంటే ఈ తేడా ఎక్కడ పుట్టిందో వివరించగలిగినవారికే విలువ.

లోపాలూ ఉన్నాయి. డాక్యుమెంటేషన్‌లో ప్రతి ఆప్షన్‌కూ పట్టిక ఉంది కానీ, రెండు ఆప్షన్లు కలిస్తే ఏమవుతుందో చెప్పేది తక్కువ. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం మద్దతిచ్చే) వెర్షన్‌కు కూడా మద్దతు ఏడాదే కాబట్టి అప్‌గ్రేడ్‌కు ఏటా సమయం కేటాయించాల్సిందే. 3 నుంచి 4కు వచ్చేటప్పుడు జావాఎక్స్ పేరుతో ఉన్న ప్యాకేజీలు జకార్తా పేరుకు మారడంతో సొంతంగా రాసుకున్న కోడ్‌ను చాలాచోట్ల మార్చాలి. ఏ డేటాకు ఏ సిస్టమ్ యజమాని, ఏపీఐ వెర్షన్ మారితే ఎవరికి ఎన్నాళ్ల ముందు చెప్పాలి, సర్టిఫికెట్ గడువు ఎవరు చూస్తారు అన్నవి క్యామెల్ నేర్పదు. వాటికి జట్లతో కూర్చోవాల్సిందే.

రెండు సిస్టమ్‌ల మధ్య రోజుకోసారి ఒకే ఫైలు వెళ్లడమే పనైతే క్యామెల్ తెచ్చిపెట్టకండి. చిన్న స్క్రిప్టు, లెక్క సరిచూసే ఒక క్వెరీ చాలు.