గ్రామీలు చూడాలంటే ఉదయం ఆరున్నరకు కాదు, రాత్రి రెండింటికే మొదలు

గ్రామీ అవార్డుల రోజున జరిగేవి నిజానికి రెండు కార్యక్రమాలు. అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం ప్రీమియర్ సెరిమనీ, సాయంత్రం టీవీ షో. మొదటిది ఉచితం, రెండోది చాలా చోట్ల డబ్బు కడితేనే దొరుకుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఎదురుచూసేది రెండోదాని కోసం. సంగీతం మీద ఇష్టంతో చూసేవాళ్లకు మొదటిదే విలువైనదని మా గట్టి అభిప్రాయం.

2026లో మొత్తం విభాగాలు 95. సాయంత్రం షోలో వేదిక మీద ఇచ్చేవి పది, అటూ ఇటూ. మిగతా ఎనభై పైచిలుకు మధ్యాహ్నమే తేలిపోతాయి. జాజ్, బ్లూస్, క్లాసికల్, సినిమా సంగీతం, సౌండ్ ఇంజినీరింగ్ అన్నీ అక్కడే. మనకు అన్నిటికన్నా ముఖ్యమైన గ్లోబల్ మ్యూజిక్ విభాగాలూ అక్కడే. 2024లో శక్తి బృందానికి గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్ అవార్డు వచ్చింది ప్రీమియర్‌లోనే. శంకర్ మహదేవన్, కంజీర సెల్వగణేశ్, వయొలిన్ గణేశ్ రాజగోపాలన్‌ల బృందం అది. అందులోనే ఉన్న జాకిర్ హుస్సేన్ ఆ ఒక్క మధ్యాహ్నమే మూడు గ్రామీలు గెలుచుకున్నారు. 2025లో భారతీయ అమెరికన్ గాయని చంద్రికా టాండన్ గెలిచిందీ ప్రీమియర్‌లోనే. సాయంత్రం టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఈ ఘట్టాలేవీ ప్రత్యక్షంగా దక్కలేదు.

వేళలు ఇలా ఉంటాయి. ఇటీవలి ఏళ్లలో ప్రీమియర్ లాస్ ఏంజెలెస్ సమయం మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలవుతోంది. అంటే మనకు ఆదివారం రాత్రి దాటాక, సోమవారం తెల్లవారుజాము 2 గంటలు. టీవీ షో మనకు ఉదయం 6:30. న్యూజెర్సీలో అది ఆదివారం రాత్రి 8, డాలస్‌లో 7, బే ఏరియాలో సాయంత్రం 5. దుబాయ్‌లో సోమవారం ఉదయం 5, లండన్‌లో రాత్రి 1, సిడ్నీలో సోమవారం మధ్యాహ్నం 12. షో మూడున్నర గంటలని చెబుతారు కానీ తరచూ అంతకు మించుతుంది. అన్నిటికన్నా పెద్దదైన ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ సాధారణంగా చివర్లోనే వస్తుంది కాబట్టి, హైదరాబాద్‌లో పదింటికి ఆఫీసుకు చేరాల్సినవాళ్లు దాన్ని దారిలో ఫోన్‌లోనే చూడాల్సి వస్తుంది.

ప్రీమియర్‌ను, గ్రామీలు ఇచ్చే సంస్థ రికార్డింగ్ అకాడమీ తన యూట్యూబ్ ఛానల్లో, తన వెబ్‌సైట్లో ఉచితంగా ఇస్తుంది. యూట్యూబే మేలు. ఆలస్యంగా లేచినా వీడియో అడుగున ఉండే గీతను మొదటికి లాగి చూడొచ్చు. అయితే ముందు లైవ్ చాట్ మూసేయండి, వీడియో కింద వ్యాఖ్యల జోలికి వెళ్లకండి. విజేతల పేర్లు ప్రకటించిన నిమిషాల్లోనే అక్కడ కనిపిస్తాయి. రోజుకు 1.5 లేదా 2 జీబీ ప్యాక్ మీద ఫోన్లో చూసేవాళ్లు క్వాలిటీని ఆటోలో వదిలేస్తే కార్యక్రమం సగంలోనే డేటా అయిపోవచ్చు. 480పీకి దించితే గంటకు అర జీబీ, కొంచెం పైన. ఇందులో పేర్లు చదవడం, మాట్లాడటమే ఎక్కువ గనుక ఆ నాణ్యత చాలు. ప్రీమియర్‌లో లోపం లేదని కాదు. అవార్డులు చకచకా అయిపోతాయి, రాలేని విజేతల తరఫున వేరొకరు అందుకుంటారు, ఏ విభాగం ఎన్ని గంటలకు వస్తుందో పట్టుకోవడం కష్టం. అయినా మధ్యమధ్యలో వచ్చే చిన్న కచేరీల్లో ఆర్భాటం తక్కువ, వాయింపు ఎక్కువ.

టీవీ షో విషయంలో జాగ్రత్త. ఎన్నో ఏళ్లుగా సీబీఎస్‌లో వచ్చిన గ్రామీలు 2027 నుంచి డిస్నీ చేతికి వెళ్తున్నాయి. అమెరికాలో ఏబీసీ, హులు, డిస్నీ ప్లస్‌లలో వస్తాయి. ప్రసార హక్కులు ఏ దేశానికి ఆ దేశంలో విడిగా అమ్ముడవుతాయి. అందుకని ఇక్కడ అదే కంపెనీ పేరున్న యాప్ ఉన్నంత మాత్రాన షో అందులో ఉంటుందని ఏడాది చందా కట్టేయకండి. ఆ వారంలో యాప్ తెరిచి గ్రామీ పేరుతో వెతకండి. ప్రత్యక్ష ప్రసారం అని తేదీతో సహా కనబడితే అప్పుడు నెల చందా తీసుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు ప్లాన్ వివరాలూ చదవాలి. సీబీఎస్ ఉన్నప్పుడు షో ఆన్‌లైన్‌లో పారమౌంట్ ప్లస్ యాప్‌లో వచ్చేది; ఆ రోజుల్లో చౌక ప్లాన్‌లో షో మర్నాడే వచ్చేది, ప్రత్యక్షంగా కావాలంటే పై ప్లాన్ తీసుకోవాల్సి వచ్చేది.

షో ఆస్వాదించాలంటే ఒక్క తేడా తెలిస్తే చాలు. సాంగ్ ఆఫ్ ద ఇయర్ పాట రాసినవాళ్లది. మన లెక్కలో గేయరచయిత, బాణీ కట్టినవారు. రికార్డ్ ఆఫ్ ద ఇయర్ పాడినవాళ్లదీ, ఆ రికార్డింగ్‌ను తయారుచేసిన నిర్మాతలదీ, మిక్సింగ్ ఇంజినీర్లదీ. 2025లో రాపర్ కెండ్రిక్ లమార్ పాట ఒక్కటే రెండూ తీసుకుంది. 2026లో రెండూ వేర్వేరు పాటలకు వెళ్లాయి.

ఇంకొకటి. ఏటా శరదృతువులో మన పత్రికల్లో 'ఫలానా పాట గ్రామీ బరిలో' అని వార్తలొస్తాయి. అర్హత ఉన్న రికార్డింగ్‌ను పరిశీలనకు పంపడం వేరు, నామినేషన్ వేరు. ఇటీవలి ఏళ్లలో నామినేషన్లు నవంబర్‌లో వస్తున్నాయి. అకాడమీ జాబితాలో పేరు చూశాకే సంబరపడండి.

ధ్వని గురించి కూడా చెప్పాలి. టీవీలో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ ఆపేయండి. అవి ఉంటే డ్రమ్స్ దెబ్బా, ప్రేక్షకుల చప్పట్లూ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. సౌండ్‌బార్‌ను బ్లూటూత్‌తో కాకుండా టీవీ వెనక ఆర్క్ (ARC) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకు కలపండి, పెదవుల కదలికకూ గొంతుకూ తేడా చాలావరకు రాదు. రాత్రి రెండింటికి ఇంట్లోవాళ్ల నిద్ర చెడకూడదనుకుంటే వైరున్న హెడ్‌ఫోన్స్ వాడండి.