లాప్‌టాప్‌కి వంక పెట్టలేం, ఆ బీప్ తప్ప

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఈ లాప్‌టాప్ గురించి కొన్న కొత్తలో కనిపించినోళ్ళందరికీ తెగ చెప్పా, కీబోర్డ్ సూపరు, ఒళ్ళో పెట్టుకున్నా వేడెక్కదు అని. కీబోర్డ్ మాట ఇప్పటికీ నిజమే, వేడి మాట ఎండాకాలం వచ్చాక కాస్త తగ్గించి చెప్తున్నా.

కానీ ఆ బీప్! ఉబుంటు అనే లినక్స్ ఉన్నన్నాళ్ళూ ఇలాంటిదొకటి ఉందనే తెలీదు, వాళ్ళు ఆ బీప్ కొట్టించే డ్రైవర్ ముక్కని, పీసీఎస్‌పీకేఆర్ మాడ్యూల్‌ని, ముందే బ్లాక్‌లిస్ట్‌లో, అంటే లోడ్ చేయొద్దనే జాబితాలో పడేసి ఇస్తారు. డెబియన్ అనే ఇంకో లినక్స్‌కి మారా, మొదలైంది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్లో ఖాళీ లైన్ మీద బ్యాక్‌స్పేస్ కొడితే కీఁ, ట్యాబ్ కొట్టి ఫైల్ దొరక్కపోతే కీఁ. వాల్యూమ్ సున్నాలో ఉన్నా, మ్యూట్ లైట్ వెలుగుతున్నా దాని పాటికది మోగుద్ది. ఓ రాత్రి పాపని జోకొట్టి పడుకోబెట్టి అక్కడే మంచం అంచున కూచుని సర్వర్‌లోకి లాగిన్ అయ్యా, బ్యాక్‌స్పేస్ మీద వేలు కాస్త ఎక్కువసేపు ఉండేసరికి వరసపెట్టి కీకీకీకీ, పాప లేచి కూచుంది, మా ఆవిడ "ముందు ఆ డబ్బా మూసెయ్యండి" అంది.

ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో బెల్ స్టైల్‌ని 'నన్' (none) చేస్తే కమాండ్లు తీసుకునే బ్యాష్ వరకే ఊరుకుంటుంది, ఫైళ్ళు చదివే లెస్‌లో పేజీ చివరికెళ్ళి కిందికి నొక్కితే మళ్ళీ అదే గోల. మాడ్యూల్‌ని చేత్తో తీసేస్తే ఆ క్షణమే నోరు మూస్తుంది గానీ రీబూట్ చేయగానే తిరిగొస్తుంది. చివరికి మాడ్యూల్స్ సెట్టింగులుండే మాడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్లో ఒక్క లైను ఫైలు, బ్లాక్‌లిస్ట్ పీసీఎస్‌పీకేఆర్ అని, అంతే, పీడా పోయింది. ఛార్జర్ పెట్టినప్పుడు వచ్చే కూత మాత్రం పోలా, అది బయోస్, అంటే లినక్స్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్ చేసేది, నాదాంట్లో బయోస్ మెనూలోనే ఆఫ్ ఉంది కాబట్టి సరిపోయింది, అన్ని మోడల్స్‌లో ఉంటుందనుకోకండి.

విండోస్ వాడేవాళ్ళకి ఈ బాధ తక్కువే, విండోస్ 7 నుంచి ఆ బీప్ మామూలు సౌండ్ కార్డులోంచే వస్తుంది, మ్యూట్ చేస్తే పోతుంది.

ఇంట్లో పసిపిల్ల, రాత్రిళ్ళు పని కాబట్టి నేనైతే ఇన్‌స్టాల్ చేసిన రోజే ఆపేయమంటా. నాన్న పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డుకి తగిలించిన బుల్లి స్పీకర్ జోలికి మాత్రం నేను పోను. మొన్న స్క్రీన్ నల్లగా ఉండిపోయి ఒకటే కూత పెడుతుంటే, అది విని ర్యామ్ అని పట్టుకుని, తీసి రబ్బరుతో రుద్ది పెడితే లేచింది.